సిజర్ సెవెన్: చంపలేని హంతకుడి పోరాటాలు

చైనా యానిమేషన్ సిరీస్ ‘సిజర్ సెవెన్’లో పెద్ద ఫైట్ మొదలయ్యే ముందు తెర ఖాళీ అవడం చాలాసార్లు గమనించాను. అప్పటిదాకా వెనకాల కనబడుతున్న వీధి, దుకాణాలు, బోర్డులు, జనం ఎటో పోతారు. రెండు మూడు రంగులు మిగులుతాయి. మధ్యలో ఇద్దరు మనుషులు. క్షణం కిందటి వరకు చకచకా పేలుతున్న జోకులు ఆగిపోతాయి. నున్నగా ఉన్న గీత ముతకబడుతుంది. ఆ తర్వాత కాసేపు చేతులు, కత్తులు, జుట్టు, బట్టలు అన్నీ ఒకే ఊపులో కదులుతాయి. ఆ కాసేపటి కోసం ఈ సిరీస్‌ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తున్నాను. కొత్త సీజన్ వచ్చిన ప్రతిసారీ మొదటి భాగం నుంచి మొదలుపెట్టడం అలవాటైపోయింది.

చైనాలో ఇది 2018 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని ఆన్సీ అంతర్జాతీయ యానిమేషన్ ఉత్సవంలో టీవీ విభాగం పోటీకి ఎంపికైంది. రెండో సీజన్ 2019లో, మూడోది 2021లో, నాలుగోది 2023లో వచ్చాయి. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లోకి రావడంతో మనకీ అందింది. నేను రాస్తున్నది ఈ నాలుగు సీజన్ల గురించి. నా పని వీడియో ఎడిటింగ్. అందుకే ఫైట్ చూస్తుంటే కట్ ఎక్కడ పడింది, దెబ్బ తగిలిన ఫ్రేము ఎంతసేపు ఆగింది, చప్పుడు ముందొచ్చిందా బొమ్మ ముందొచ్చిందా అన్న వాటి మీదికే కళ్లు పోతాయి. ఈ సమీక్షలో కథ కంటే ఫైట్ల మాట ఎక్కువగా ఉంటే కారణం అదే.

కథ చెప్పడం తేలిక. చికెన్ ఐలాండ్ అనే చిన్న దీవిలో సెవెన్ అనే కుర్రాడు క్షౌరశాల నడుపుతుంటాడు. పొట్టి లాగు, కాళ్లకి హవాయి చెప్పులు, నెత్తిన ముడి. గతం ఏమీ గుర్తులేదు. తనెవరో తెలుసుకోవాలంటే డబ్బు కావాలి, డబ్బు కోసం కిరాయి హంతకుడి పని ఎంచుకుంటాడు. అతనికి బేరాలు కుదిర్చే యజమాని దాయ్‌బో ఒక కోడి. అవును, మాట్లాడే కోడి. ఆ దీవిలో అది వింత కాదు. సెవెన్‌ని గాల్లోకి ఎత్తుకెళ్లడానికి షియావో ఫే అనే పక్షి ఉంది. చేతిలో ఆయుధం జుట్టు కత్తిరించే కత్తెర. హంతకుల జాబితాలో అతని ర్యాంకు ఎక్కడో అడుగున, వేలల్లో ఉంటుంది. రేటు కూడా దానికి తగ్గట్టే చవక.

మొదటి సీజన్‌లో చాలా భాగాలు ఒకే దారిలో నడుస్తాయి. ఎవరో వచ్చి ఫలానా మనిషిని చంపమంటారు. సెవెన్ వేషం మార్చుకుని వెళతాడు. వేషాలు వేయడంలో అతను దిట్ట. మనిషి వేషమే అక్కర్లేదు, వస్తువులాగా కూడా మారిపోతాడు. తీరా దగ్గరికి వెళ్లాక చంపాల్సిన మనిషి గురించి ఏదో తెలుస్తుంది. పని కాకుండా తిరిగొస్తాడు. ఒక్కోసారి అడిగినవాళ్ల సమస్య కూడా హత్య లేకుండానే తీరిపోతుంది.

వేసవి సెలవుల్లో మా అక్క కూతురు ఇంటికొచ్చినప్పుడు నాతో కూర్చుని ఈ సీజన్ చూసింది. ఎనిమిదో తరగతి పిల్ల. కొన్ని భాగాలు అయ్యాక అడిగింది: “మావయ్యా, వీడు అసలు ఎవర్నీ చంపడా?”

“చూడమ్మా, చూస్తే తెలుస్తుంది” అన్నాను.

“చంపకపోతే హంతకుడెలా అవుతాడు?”

ఆ పిల్ల అడిగిన ప్రశ్న మీదే నాలుగు సీజన్లూ నిలబడ్డాయి. సెవెన్ చంపలేకపోవడం మొదట తమాషాగా కనిపిస్తుంది. చేతకాని కుర్రాడు, ప్రతి పనీ చెడగొట్టుకుంటాడు అనుకుంటాం. పోనుపోను, ఒకప్పుడు ఇతను షువాన్‌వూ రాజ్యంలో అగ్రశ్రేణి హంతకుడని, అందరూ పేరు వింటేనే వణికిన మనిషని తెలుస్తుంది. అంటే ఇతనికి చంపడం చేతకాక కాదు. గతం మరిచిపోయాక మిగిలిన మనిషికి చంపాలని లేదు.

తెలుగు సినిమా చూస్తూ పెరిగినవాళ్లకి ఈ కథ అల్లిక కొత్తేం కాదు. ఇంటర్వెల్ దాకా ఎవరెన్ని మాటలన్నా తల దించుకుని తిరిగే హీరో, ఒక రోజు చెయ్యెత్తడం, ఊరంతా నోరెళ్లబెట్టడం, అప్పుడు ఫ్లాష్‌బ్యాక్. మన దగ్గర దాన్ని ఎలివేషన్ అంటాం. సెవెన్ కత్తి అందుకునే ఘట్టాల్లో నాకు వచ్చే ఒళ్లు జలదరింపు అచ్చం అదే. అయితే మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ గర్వకారణం. పాత మనిషి తిరిగొచ్చాడని చప్పట్లు కొడతాం. ఇక్కడ పాత మనిషి తిరిగి రావడమే ప్రమాదం. సెవెన్ ప్రతి పెద్ద పోరాటంలోనూ ఎదుటివాడితో ఎంత పోరాడతాడో, తన లోపలున్న ఆ చల్లని హంతకుడితో అంత పోరాడతాడు. గెలవాలంటే వాడు కావాలి. వాడు వస్తే దీవిలో జుట్టు కత్తిరించే ఈ కుర్రాడు ఉంటాడో ఉండడో తెలియదు. ఒక్క దెబ్బ తగలకముందే ఫైట్‌లో ఉత్కంఠ ఎందుకుంటుందంటే ఇందుకు.

ఇక పోరాటాల తీరు.

ఫైట్ బాగుందా లేదా అన్నదానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. చప్పుడు తీసేసి చూసినా ఎవరు ఎక్కడున్నారు, ఎవరి దెబ్బ ఎవరికి తగిలింది, దాంతో ఏం మారింది అన్నది అర్థం కావాలి. ఈ మధ్య తెర మీద కనిపించే యాక్షన్‌లో చాలామటుకు ఈ పరీక్షలో నిలవదు. కెమెరా వణుకుతుంది, కట్లు పడతాయి, పొగ, నిప్పురవ్వలు, ఎవరో గోడకి కొట్టుకుంటారు, అంతే. ‘సిజర్ సెవెన్’లో మంచి ఫైట్లన్నీ చప్పుడు లేకుండా చదవొచ్చు. మనుషుల ఆకారాలు అంత స్పష్టంగా గీశారు. సెవెన్ నెత్తి మీద ముడి, తర్వాత వచ్చే హంతకురాలు థర్టీన్ ముసుగు. మనిషంతా నల్లటి నీడగా మారిపోయినా ఎవరెవరో పోల్చుకోవచ్చు. పాత్రల రూపం ఇంత సాదాగా ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. ముఖం మీద గీతలు తక్కువైనకొద్దీ గీసేవాళ్ల శ్రమ కదలిక మీదికి మళ్లుతుంది. ఆ పొదుపు ఫైట్లలో కనిపిస్తుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో వేగం సగానికి తగ్గించుకునే వీలుంది కదా, కొన్ని ఫైట్లు అలా చూశాను. యానిమేషన్‌లో సాధారణంగా సెకనుకి 24 ఫ్రేములుంటే ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలుపుతారు, అంటే సెకనుకి పన్నెండు బొమ్మలు. ఏది ఎంతసేపు నిలపాలన్నది దర్శకుడి చేతిలోని లయ. ఈ సిరీస్‌లో సెవెన్ దూకేటప్పుడు మధ్యలో చేయి చేయిలా ఉండదు. ఒక రంగుల చారలా సాగిపోయి, మరుక్షణం గట్టిగా, కోణాలతో, కదలకుండా నిలుస్తుంది. సగం వేగంలో చూస్తే ఆ చార విచిత్రంగా, వంకరగా ఉంటుంది. మామూలు వేగంలో కంటికి అది దెబ్బగా తెలుస్తుంది. స్మియర్ అంటారు దీన్ని. కొత్తగా కనిపెట్టిందేం కాదు, పాత కార్టూన్ల నుంచీ ఉన్నదే. ఎక్కడ చార గీయాలి, ఎక్కడ బొమ్మని ఆపాలి అన్నదాంట్లో వీళ్లకి చెవి ఉంది. చెవి అని కావాలనే అంటున్నాను, అది తాళజ్ఞానమే.

ఆ ఆగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. చైనా ఒపెరాలో నటుడు వేగంగా కదిలి కదిలి ఒక్కసారిగా బిగుసుకుని ప్రేక్షకుల వైపు నిలబడిపోయే పద్ధతి ఉంది. మన కూచిపూడిలో జతి ముగిశాక నర్తకి నిలబడిపోతుందే, అలాగ. హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాల ఫైట్లలో ఆ ఊపిరి అక్కణ్ణుంచే వచ్చింది. జాకీ చాన్ లాంటివాళ్లు చిన్నప్పుడు పెకింగ్ ఒపెరా బడిలో శిక్షణ తీసుకున్నవాళ్లే. మూడు కదలికలు, ఒక ఆగుడు. రెండు కదలికలు, ఒక ఆగుడు. ఆగినప్పుడే మనకి ఏం జరిగిందో లోపలికి ఇంకుతుంది. ఆ సినిమాలు మన ఊళ్ల హాళ్లలో ఆడాయి, టీవీల్లో తెలుగు డబ్బింగుతో వచ్చాయి. ఆ లెక్క తెలిసినవాళ్లకి ‘సిజర్ సెవెన్’ ఫైట్ చూడగానే ఎక్కడో చూసిన తాళం అనిపిస్తుంది. బల్ల, నిచ్చెన, గొడుగు, చేతికందిన ఏ వస్తువుతోనైనా తన్నుకునే ఆ సరదా కూడా ఇక్కడుంది. క్షౌరశాలలో దొరికే సామాను ఇందులో ఎన్ని పనులకొస్తుందో చూడాల్సిందే.

కత్తెర సంగతి చూడండి. సెవెన్ కత్తెరని మామూలుగా చేత్తో పట్టుకుని పొడవడు. లోపలి శక్తితో దూరం నుంచి తిప్పుతాడు. కత్తెర ఒక దారిలో పోతుంటే మనిషి ఇంకో దారిలో కదులుతాడు. అంటే ఫైట్‌లో ఇద్దరు కాదు, ముగ్గురున్నట్టు. ఎదుటివాడు సెవెన్‌ని చూడాలా, కత్తెరని చూడాలా? మన కన్ను కూడా అదే ఇరకాటంలో పడుతుంది. తర్వాత అతని అసలు ఆయుధం థౌజండ్ డీమన్ డాగర్స్ బయటపడ్డాక ఈ ఆట ఎన్నో రెట్లు పెరుగుతుంది. ముక్కలుగా విడిపోయి, మళ్లీ కూడుకుని, యజమాని మనసుని బట్టి నడిచే కత్తి అది. మనసు కుదురుగా ఉంటే ముక్కలన్నీ ఒక వరుసలో పోతాయి. మనసు చెదిరితే కత్తీ చెదురుతుంది. పాత్ర లోపల ఏం జరుగుతోందో మాటల్లో చెప్పనక్కర్లేకుండా ఆయుధమే చూపించేస్తుంది. ఇంత బాగా ఆలోచించి పెట్టిన ఆయుధాన్ని యాక్షన్ సిరీస్‌లలో నేను అరుదుగా చూశాను.

థర్టీన్ వచ్చాక సిరీస్ రంగు మారుతుంది. పూర్తి పేరు ప్లమ్ బ్లాసమ్ థర్టీన్. షువాన్‌వూ నుంచి వచ్చిన హంతకురాలు, ముఖానికి ముసుగు, చేతిలో పువ్వు ఆకారపు విసురు కత్తులు. సెవెన్‌లో ఉన్న బద్ధకం, తడబాటు ఆమెలో మచ్చుకైనా లేవు. ప్రతి అడుగూ లెక్క ప్రకారం వేస్తుంది. వీళ్లిద్దరూ ఎదురుపడినప్పుడు రెండు రకాల యానిమేషన్లు ఢీకొన్నట్టుంటుంది: అతను గుండ్రంగా, సాగుతూ, జారుతూ కదులుతాడు, ఆమె గీత గీసినట్టు కదులుతుంది. క్రమంగా వాళ్లిద్దరి మధ్య అభిమానం పుడుతుంది. ఆ ప్రేమకథకి సంభాషణలు పెద్దగా లేవు. పక్కపక్కన నిలబడి పోరాడేటప్పుడు ఎవరు ఎవరి వీపు కాస్తున్నారు అన్నదాంట్లోనే అదంతా ఉంది. మన సినిమాల్లో ఫైట్ జరుగుతుంటే హీరోయిన్ని స్తంభం చాటున నిలబెట్టడం చూసి చూసి విసిగిన కళ్లకి థర్టీన్ చేసే పోరాటాలు ఎంత హాయిగా ఉంటాయో చెప్పలేను.

ఏది చూడాలని ఎవరైనా ఒక్క ఫైట్ అడిగితే, రెండో సీజన్ చివర్లో రెడ్‌టూత్‌తో జరిగే పోరు చెబుతాను. ఆ సీజన్ చాలామటుకు మళ్లీ క్షౌరశాల, బేరాలు, ఇరుగుపొరుగు గోల. ఆ దీవి మనుషులు మనకి అలవాటైపోతారు. అప్పుడు షువాన్‌వూ హంతకుల్లో పై వరుసలో ఉన్నవాడు ఒకడు దిగుతాడు. వాడి బలం ముందు సెవెన్ ఏ మూలకీ చాలడు. ఆ ఫైట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది దెబ్బల బరువు. సాధారణంగా యానిమేషన్‌లో ఎంత కొట్టినా పాత్రలు బంతుల్లా లేస్తారు. ఈ సిరీస్‌లోనూ కామెడీ భాగాల్లో అలాగే లేస్తారు. ఇక్కడ మాత్రం పడ్డ దెబ్బ పడ్డట్టే ఉంటుంది. లేవడానికి టైమ్ పడుతుంది. ఊపిరి చప్పుడు వినిపిస్తుంది. ఇన్ని భాగాలుగా నవ్వించిన కుర్రాడి ముఖంలో నవ్వు లేకపోవడం చూస్తే కడుపులో మెలిపెట్టినట్టవుతుంది. పాత మనిషి ఛాయ బయటికి వచ్చినప్పుడు నేను మొదటిసారి చూసినప్పుడు చప్పట్లు కొట్టాను. తర్వాత చూసినప్పుడల్లా భయమేస్తోంది. ఒకే సన్నివేశం చూసేకొద్దీ వేరే అర్థం ఇస్తోందంటే దాంట్లో ఎంత సరుకుందో ఊహించుకోండి.

కామెడీ గురించి రెండు మాటలు. హాంకాంగ్ నటుడు, దర్శకుడు స్టీఫెన్ చౌ సినిమాలు చూసినవాళ్లకి ఈ రకం హాస్యం వెంటనే పట్టుబడుతుంది: అర్థంపర్థం లేని మాట, మరుక్షణం ఏడిపించే సన్నివేశం, దాని మధ్యలో ఇంకో వెర్రి మాట. మొదటి సీజన్ తొలి భాగాల్లో శరీరం మీద వేసే జోకులు కొన్ని మోటుగా ఉన్నాయి. పిల్లలతో చూసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని కూర్చోవాలి. మా మేనకోడలితో చూస్తున్నప్పుడు ఒకటి రెండు చోట్ల నేను ముందుకి జరిపాను. రక్తం, చావు కూడా ఉన్నాయి, పైపై బొమ్మలు చూసి చంటిపిల్లల కార్టూన్ అనుకోవద్దు. పన్నెండు పదమూడేళ్లు దాటినవాళ్లకి పెద్దవాళ్లు పక్కనుంటే ఫర్వాలేదని నా ఉద్దేశం.

దర్శకుడు హె షియావోఫెంగ్. రాసింది ఆయనే, చైనీస్‌లో సెవెన్‌కి గొంతు ఇచ్చిందీ ఆయనే. ఇది తెలిశాక చాలా విషయాలు అర్థమయ్యాయి. సెవెన్ మాట్లాడే మాండరిన్‌లో దక్షిణాది కాంటనీస్ యాస దట్టంగా ఉంటుంది. రాజధాని భాష కాదు, వీధి భాష. మన దగ్గర హీరో శ్రీకాకుళం యాసలోనో, కరీంనగర్ యాసలోనో మాట్లాడితే పాత్ర ఎంత దగ్గరవుతుందో తెలిసినవాళ్లకి దీని విలువ విడమర్చి చెప్పనక్కర్లేదు. చికెన్ ఐలాండ్ వీధులు కూడా గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ పాత పేటల్లానే ఉంటాయి: ఇరుకు సందులు, వేలాడే బోర్డులు, బయట బల్లలేసుకుని కూర్చున్న ముసలివాళ్లు. ఆ ఊరి మీద ప్రేమతో గీసిన బొమ్మలవి. ఇంగ్లిష్‌లో సెవెన్‌కి కమెడియన్ రానీ చియెంగ్ డబ్బింగ్ చెప్పాడు, సరదాగానే ఉంటుంది. కానీ ఇంగ్లిష్‌లో జోకు బతికింది, ఊరు పోయింది. చైనీస్ గొంతు పెట్టుకుని ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూడమనే నా సలహా. మాటలు మరీ వేగంగా పోతాయి కాబట్టి మొదట్లో కొంచెం కష్టపడాలి, రెండు మూడు భాగాలకి అలవాటవుతుంది. నేను చూసినప్పుడు తెలుగు గొంతు గానీ, తెలుగు సబ్‌టైటిల్స్ గానీ కనిపించలేదు. ఈ సిరీస్‌కి తెలుగు డబ్బింగ్ వస్తే, అదీ సెవెన్‌కి మంచి యాస పెట్టి చేస్తే, మన పిల్లలు దాన్ని వదిలిపెట్టరని గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు నాకు నచ్చని సంగతులు. మూడో సీజన్‌లో సెవెన్ తన గతం వెతుక్కుంటూ చికెన్ ఐలాండ్ వదిలి షువాన్‌వూ వైపు ప్రయాణం కడతాడు. దాయ్‌బో, షియావో ఫే వెంట ఉంటారు. దారిలో కొత్త ఊళ్లు, కొత్త మనుషులు. బొమ్మల నాణ్యత బాగా పెరిగింది. వెలుతురు, నీడ, మంచు, అడవి, వీటిలో మొదటి సీజన్‌కీ దీనికీ పోలికే లేదు. కెమెరా పాత్రల చుట్టూ తిరిగే షాట్లు ఎక్కువయ్యాయి, డబ్బు వచ్చిందని తెలుస్తోంది. కానీ దీవి పోయింది. పక్కింటివాళ్లు పోయారు. జోకుల మధ్యలోంచి ఫైట్ మొలిచే ఆ పద్ధతి సడలింది, ఎందుకంటే ఇప్పుడు ఎటు చూసినా శత్రువులే. శత్రువు ఎప్పుడైనా రావచ్చని తెలిసినప్పుడు వాడు రావడంలో అదురు ఉండదు. ఈ సీజన్‌లో చక్కటి భాగాలు లేవని కాదు. ఒక్కో ఊరి కథ విడిగా చూస్తే కళ్లు చెమ్మగిల్లేవి ఉన్నాయి. మొత్తంగా చూస్తే మాత్రం ఇంటి బెంగ పట్టుకుంటుంది. సెవెన్‌కి కూడా అదే బెంగ కాబట్టి, అది దర్శకుడు కావాలనే చేశాడా అని కొన్నిసార్లు అనిపించింది. అలా అనుకున్నా కొన్ని భాగాలు సాగినట్టే ఉన్నాయి.

నాలుగో సీజన్ గతాన్ని విప్పుతుంది. షువాన్‌వూ హంతకుల లోకం, వాళ్ల ర్యాంకులు, వాళ్లలో వాళ్లకి పగలు. చూడటానికి నాలుగింటిలోకీ ఇదే గొప్పగా ఉంది. పోరాటాలు కూడా ఎక్కువ, పెద్దవి. నాకున్న ఫిర్యాదు ఒకటే: కొందరి బలం ఎంతో మనకి ర్యాంకు నంబరు ద్వారా తెలుస్తోంది, వాళ్లు చేసిన పని ద్వారా కాదు. ఫలానా నంబరు వాడు వచ్చాడు, వాడికంటే పై నంబరు వాడు వచ్చాడు. మొదటి సీజన్‌లో సెవెన్ ర్యాంకు అడుగున ఉండటం ఒక జోకు, ఒక బాధ కూడా. ఇక్కడ ర్యాంకు వట్టి కొలబద్ద అయిపోయింది. ఆకాశం చీలిపోయే దెబ్బలు పడుతున్నా, రెడ్‌టూత్ ఫైట్‌లో ఒక్క గుద్దుకి కలిగిన నొప్పి అందులో లేదు. సెవెన్, థర్టీన్ తెర మీద ఉన్నప్పుడు మాత్రం పాత ఊపిరి తిరిగొస్తుంది. చంపగలిగి, చంపాల్సిన కారణం కూడా ఉండి, చేయి ఆపుకునే ఘట్టాలు వచ్చిన ప్రతిచోటా సిరీస్ తన సొంత గొంతుతో మాట్లాడుతుంది.

చైనా నుంచి ఇప్పుడు వస్తున్న యాక్షన్ యానిమేషన్‌లో ఎక్కువ భాగం త్రీడీ, వెబ్ నవలల ఆధారంగా వారం వారం నడిచేవి. వాటిలో కొన్ని యూట్యూబ్‌లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో దొరుకుతాయి, నేనూ చూస్తుంటాను. మేఘాల మీద తేలే మహావీరులు, వేల ఏళ్ల తపస్సు, మెరిసే బట్టలు. అందంగానే ఉంటాయి. కానీ ఆ వీరులు పుట్టుకతోనే గొప్పవాళ్లు, లేదా గొప్పవాళ్లు కావడానికే పుట్టినవాళ్లు. హవాయి చెప్పులేసుకుని బేరమాడే హీరోని చేత్తో గీసినట్టున్న బొమ్మల్లో చూడటం వేరే అనుభవం. ఈ సిరీస్‌ని నేను వాటికంటే పైన పెట్టడానికి కారణం సాంకేతికత కాదు. ఫైట్ అయిపోయాక ఈ కుర్రాడు తిరిగి దుకాణానికి వెళ్లి ఎవరికో జుట్టు కత్తిరించాలి. ఆ మామూలు బతుకు చెడిపోతుందేమో అన్న భయం ప్రతి దెబ్బ వెనకా ఉంటుంది.

సంగీతం కూడా చెప్పుకోదగ్గదే. పోరాటాల్లో చైనా సంప్రదాయ వాద్యాలు, కొత్తకాలపు బీట్లు కలిసి నడుస్తాయి. ఎడిటింగ్ చేసేవాడిగా నాకు నచ్చింది మాత్రం సంగీతం లేని చోట్లు. కొన్ని ఫైట్లలో కీలకమైన దెబ్బకి ముందు అంతా తీసేసి బట్ట కొట్టుకునే చప్పుడు, లోహం గీసుకునే చప్పుడు మాత్రమే ఉంచారు. ధైర్యం లేని ఎడిటర్ ఆ చోట డప్పులు నింపేస్తాడు. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకి ఈ ముక్కలు చూపించాను. “అన్నా, ఇక్కడ మ్యూజిక్ మిస్సయిందేమో” అన్నాడు ఒకడు. మ్యూజిక్ పెట్టి ఒకసారి, లేకుండా ఒకసారి వాడికే కట్ చేసి చూసుకోమన్నాను. మళ్లీ ఆ మాట అనలేదు.

కొత్తగా చూడబోయేవాళ్లకి: మొదటి సీజన్ భాగాలు పావుగంట చుట్టూ ఉంటాయి కాబట్టి భోజనం చేస్తూ ఒకటి చూసేయొచ్చు. రెండో సీజన్ నుంచి ఒక్కోదానిలో పదేసి భాగాలు. ఫైట్ల క్లిప్పులు బయట బోలెడు తిరుగుతుంటాయి, వాటితో మొదలుపెట్టకండి. నేను చెప్పిన రెడ్‌టూత్ ఫైట్‌ని విడిగా చూస్తే బాగా గీసిన ఫైట్‌లా ఉంటుంది, అంతవరకే. ముందున్న భాగాలన్నీ చూసి వస్తే సెవెన్ కింద పడినప్పుడు లేస్తాడా లేవడా అని నిజంగా ఊపిరి బిగబడుతుంది. తొలి రెండు మూడు భాగాలు మోటుగా, అల్లరిగా అనిపించినా థర్టీన్ వచ్చేదాకా ఆగండి. మొదటి సీజన్ చివరి భాగాలు, రెండో సీజన్ చివరి భాగాలు ఏదైనా సెలవు రోజున, ఫోన్‌లో కాకుండా టీవీలో, వరసగా చూడండి. ఒకసారి మామూలుగా, కుదిరితే ఇంకోసారి సగం వేగంలో. రెండోసారి కత్తి వైపు కాకుండా సెవెన్ చేతి వేళ్ల వైపు చూస్తూ ఉండండి. కత్తి ఎటు పోబోతోందో వేళ్లు ముందే చెబుతాయి, అది గీసినవాళ్ల ఓపిక అప్పుడు తెలుస్తుంది.